షుగరు గీత మీద నిలబడ్డాను, ఇంట్లో రెండు వంటలు లేకుండా తిండి మార్చుకోవడం ఎలా?

సీతమ్మధార నివాసి · ఫిబ్రవరి 8, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. నా వయసు 46. విశాఖపట్నంలో పోర్టు వైపు ఒక ఆఫీసులో లెక్కల పని. ఉదయం తొమ్మిదిన్నరకు కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఆరున్నరకు లేస్తాను. పోయిన వారం మా అందరికీ రక్తపరీక్షలు చేయించారు. నాకు పరగడుపున 112, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చాయి. "ఇంకా మధుమేహం కాదు, గీత మీద ఉన్నారు. ఇప్పుడే మందు అక్కర్లేదు. తిండి, నడక చూసుకుని మే నెలలో మళ్ళీ రండి" అన్నారు డాక్టరు గారు. తిండి చూసుకోవడమంటే ఏమిటో అడిగేలోపు తరువాతి వారిని పిలిచేశారు.

ఇంట్లో ఐదుగురం. అమ్మకు 72 ఏళ్ళు, మా ఆవిడ బడిలో టీచరు, అబ్బాయి ఇంటరు, అమ్మాయి ఏడో తరగతి. తెల్లవారితే ఇడ్లీ లేదా ఉప్మా. మధ్యాహ్నం క్యారేజీలో అన్నం, పప్పు, ఒక వేపుడు. రాత్రి మళ్ళీ అన్నమే. రెండోసారి పెరుగన్నం కలుపుకోనిదే నాకు భోజనం చేసినట్టుండదు. ఫోను తెరిస్తే ఒకరు అన్నమే విషమంటారు, మరొకరు ఏడు రకాల గింజలు నానబెట్టమంటారు, ఇంకొకరు ఉదయం నుంచి సాయంత్రం దాకా పళ్ళరసం తాగమంటారు. అందరికీ ఒక వంట, నాకు మరొక వంట అంటే మా ఇంట్లో సాగదు. చేసి, నిలబెట్టుకున్నవాళ్ళు చెప్పండి.

చోళ్ళ అంబలి · ఫిబ్రవరి 9, ఉదయం 5:55

మాది మాడుగుల వైపు. ఇరవై ఏళ్ళుగా గోపాలపట్నంలో ఉంటున్నాం. మీరు రాగులంటారు, మేము చోళ్ళంటాం. మా నాన్న పొలం వెళ్ళే ముందు కంచు గిన్నెడు అంబలి తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి అనేవారు కాదు. రాత్రి చోడి పిండిని నీళ్ళలో కలిపి మూత పెట్టండి. ఉదయం గుప్పెడు నూకలు మెత్తగా ఉడికాక ఆ పులిసిన పిండి పోసి, ఉండ కట్టకుండా గరిటె తిప్పండి. చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగాలి. ఈ ఊరి ఉక్కపోతకు ఇంతకన్నా మంచి విరుగుడు నాకు తెలియదు.

వంద గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది. అంతే తూకం ఆవుపాలలో ఉండేది అందులో మూడో వంతే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నాక మా చోళ్ళకు పట్నంలో గౌరవం వచ్చింది. దాని వెనకే ధర కూడా వచ్చిందనుకోండి.

కైలాసగిరి మెట్లు · ఫిబ్రవరి 9, ఉదయం 7:20

అన్నం మానేయండి. నేను జనవరి ఒకటి నుంచి ఒక్క మెతుకు ముట్టలేదు. ఉదయం మూడు గ్లాసుల రాగి జావ, మధ్యాహ్నం కొర్రలు, రాత్రి సామలు. నాలుగు కిలోలు తగ్గాను. ఇంత చిన్న విషయానికి ఇన్ని ఆలోచనలు ఎందుకు?

పెదవాల్తేరు పెద్దమ్మ · ఫిబ్రవరి 9, ఉదయం 11:05

అన్నం మానేశామని చెప్పేవాళ్ళను నా అరవై ఎనిమిదేళ్ళ జీవితంలో చాలామందిని చూశాను నాయనా. తరువాతి పెళ్ళిపందిట్లో వాళ్ళ విస్తరి కూడా చూశాను.

పళ్ళెం లెక్క · ఫిబ్రవరి 9, రాత్రి 9:30

ఒక ఆసుపత్రిలో ఆహార సలహాదారుగా పదకొండేళ్ళుగా పని చేస్తున్నాను. సీతమ్మధార గారూ, మీ పరీక్షను నేను చూడలేదు కాబట్టి మీ డాక్టరు మాటే మీకు ప్రమాణం. తిండి సంగతి వరకు చెబుతాను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కిలోకాలరీలు కావలసిన మనిషి పళ్ళెం లెక్క అందులో ఉంది. వండకముందు తూకంలో ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పు లేదా గుడ్డు, చేప, మాంసం 85 గ్రాములు, పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు, పళ్ళు 100 గ్రాములు, వేరుశనగ, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ధాన్యం నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదన్నారు. నా దగ్గరకు వచ్చేవారి పళ్ళెం సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది. అన్నం నాలుగు వందల గ్రాములు, కూర వంద. అన్నం విషం కాదు. కూర ఉండవలసిన చోట కూడా అన్నమే కూర్చుంది, అంతే.

అందుకని ముందు ఏదీ మానకండి. వడ్డించుకునే వరుస మార్చండి. పళ్ళెంలో సగం కూర పెట్టుకుని, దానిలో సగానికి సగం ఉత్తదే తినేయండి. తరువాత పప్పు, అన్నం. పీచు, మాంసకృత్తులు ముందు కడుపులో పడితే అన్నంలోని పిండి రక్తంలోకి నెమ్మదిగా దిగుతుంది. తిన్న వెంటనే కుర్చీలో కూర్చోకుండా పది, పదిహేను నిమిషాలు నడవండి. ఆఫీసు వరండా అయినా చాలు. కండరాలు కదిలితే రక్తంలోని గ్లూకోజును అవే లాక్కుంటాయి.

అంబలి గురించి ఒక మాట. చోళ్ళు మంచివే, సందేహం లేదు. కానీ వాటిలోనూ వందకు డెబ్బై గ్రాముల దరిదాపుల్లో పిండిపదార్థమే ఉంటుంది, బియ్యంలో డెబ్బై ఎనిమిది. మెత్తగా మర పట్టించి, పలుచగా కాచి, గ్లాసుల కొద్దీ తాగితే షుగరు చకచకా ఎక్కుతుంది. బెల్లం కలిపితే చెప్పనే అక్కర్లేదు. ఒక గ్లాసు, మజ్జిగతో, పక్కన గుప్పెడు ఉడికించిన శనగలో గుడ్డో పెట్టుకుని తీసుకోండి. కైలాసగిరి గారూ, మీ మూడు గ్లాసుల జావ విషయంలో నాకు కాస్త బెంగగానే ఉంది.

ఎంవీపీ ఐదో సెక్టారు · ఫిబ్రవరి 10, ఉదయం 6:15

అన్నీ చదివాను. ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. సీతమ్మధార గారూ, మీ ఇంట్లో వండేది ఎవరు?

ఎందుకు అడుగుతున్నానంటే మా ఇంట్లో ఇది జరిగిపోయింది. మూడేళ్ళ కిందట మావారికి ఇలాగే గీత మీద వచ్చింది. ఆయన ఫోనులో చూసినవన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించారు. ఉదయం మెంతుల నీళ్ళు, మొలకలు, ఆకుకూర రసం, చిరుధాన్యాల కిచిడీ, రాత్రి జొన్నరొట్టె. ఆయన తినడం మార్చుకున్నారు, నేను నిద్ర మార్చుకున్నాను. అయిదున్నరకు లేచేదాన్ని నాలుగున్నరకు లేచాను. నానబెట్టేది, రుబ్బేది, ఏరేది, తరిగేది నేనే. బ్యాంకులో ఎనిమిది గంటలు కూర్చుని వచ్చి రాత్రి రొట్టెలు కొట్టాను. ఎనిమిది నెలలకు ఆయన షుగరు దిగింది, నా రక్తపోటు ఎక్కింది. బంధువులు ఆయన పట్టుదలను మెచ్చుకున్నారు.

నాలుగు వందల గ్రాముల కూరలంటే ఐదుగురికి రోజుకు రెండు కిలోలు. అంత తోటకూర, బీరకాయ, చిక్కుడు కడిగి, తరిగి పెట్టడానికి ఎంతసేపు పడుతుందో మార్గదర్శకాలలో రాయరు.

సీతమ్మధార నివాసి · ఫిబ్రవరి 10, రాత్రి 11:10

మీ ప్రశ్న ఉదయం బస్సులో చదివాను. రోజంతా అదే తిరిగింది. వండేది మా ఆవిడ. అమ్మ కూర్చుని కూరలు తరిగి ఇచ్చేది, మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక అది కూడా తగ్గింది. నిజం చెప్పాలంటే "ఇంట్లో రెండు వంటలు కుదరవు" అని రాసినప్పుడు కుదరనిది ఎవరికో నేను ఆలోచించలేదు.

నాకు టీ పెట్టడం, ఆమ్లెట్టు వేయడం తప్ప ఏమీ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పెదవాల్తేరు పెద్దమ్మ · ఫిబ్రవరి 11, ఉదయం 10:30

కత్తిపీట దగ్గర మొదలుపెట్టు నాయనా. వంట తరువాత వస్తుంది. వంటింట్లో సగం పని పొయ్యి వెలిగించకముందే అయిపోతుంది, మగవాళ్ళకు అది కనబడదు.

ఆదివారం ఉదయం ఆరింటికి రైతు బజారుకు వెళ్ళు. మీకు సీతమ్మధారలోనే ఉంది కదా. ఎనిమిది దాటితే ఆకుకూర వాడిపోతుంది, తొమ్మిది దాటితే మంచివన్నీ పోయి ఏరి వదిలేసినవి మిగులుతాయి. తోటకూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర, పొన్నగంటి, మునగాకు తెచ్చుకో. నువ్వే తెచ్చి, నువ్వే ఏరి, వేళ్ళు కోసి, తడి లేకుండా పాత నూలుగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు. నాలుగు రోజులు ఆగుతుంది. కడగడం వండే ముందే, అది కూడా తరగక ముందే. తరిగాక కడిగితే సారం నీళ్ళలో పోతుంది. నేను ముప్ఫై ఏళ్ళు బడిలో ఆడపిల్లలకు గృహవిజ్ఞానం చెప్పాను. మగపిల్లలకు ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అనిపిస్తోంది.

ఒక సంగతి గుర్తొచ్చింది. ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ ఆమ్లం ఉంది చూడండి, దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని నడిపించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అమెరికా వెళ్ళి, ఆ జబ్బుకు పనికొచ్చే మందు దాకా వెళ్ళారు. తోటకూర తరిగినప్పుడల్లా పాఠంలో ఆ కథ చెప్పేదాన్ని. కథ వినడానికి పిల్లలు తరగడం ఆలస్యం చేసేవారు.

ఇంకొకటి. భోజనం కాగానే టీ తాగే అలవాటు ఉంటే మాను. తిన్న ఆకుకూరలోని ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. ముందూ వెనకా ఒక గంట ఆగాలి. దానికి బదులు ఆకుకూర మీద అరచెక్క నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది.

మూడో షిఫ్టు · ఫిబ్రవరి 11, సాయంత్రం 4:45

నేను ఉక్కు కర్మాగారంలో పని చేస్తాను, కూర్మన్నపాలెంలో ఇల్లు. మీరందరూ ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అంటుంటే నవ్వొస్తోంది. నా వారంలో ఆ మూడూ ఎప్పుడు ఎక్కడ ఉంటాయో నాకే తెలియదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పని ఉన్న వారం రెండింటికి ఆకలి దంచేస్తుంది. పూరీ, టీ. ఇంటికొచ్చి మళ్ళీ టిఫిను. పడుకుంటే పక్కింట్లో మిక్సీ. యాభై దాటాక నడుము చుట్టూ టైరు వచ్చింది.

పళ్ళెం లెక్క · ఫిబ్రవరి 11, రాత్రి 9:50

మూడో షిఫ్టు గారూ, అర్ధరాత్రి దాటాక మన ఒళ్ళు తిండిని పగటిలాగా అరిగించుకోదు. అదే పూరీ రాత్రి రెండింటికి తింటే షుగరు ఎక్కువగా పెరుగుతుంది. అసలు భోజనం పనికి వెళ్ళే ముందు ఎనిమిది, తొమ్మిది మధ్య కానివ్వండి. మధ్యలో ఆకలేస్తే రెండు ఉడికిన గుడ్లు, వేయించిన శనగలు, మజ్జిగ. టీ, కాఫీ రాత్రి రెండు గంటలు దాటాక వద్దు, ఉదయం నిద్రను అవే తినేస్తాయి. ఇంటికి వచ్చాక ఖాళీ కడుపుతో పడుకోకుండా ఒక ఇడ్లీయో అరటిపండో తిని, గదిలో వెలుగు రాకుండా మందపాటి తెర వేసుకోండి. పక్కింటి మిక్సీకి మాత్రం నా దగ్గర మందు లేదు.

మధురవాడ హాస్టల్ · ఫిబ్రవరి 13, రాత్రి 12:20

అక్కలు, అన్నయ్యలు, మీకందరికీ కనీసం పొయ్యి ఉంది. నేను 24 ఏళ్ళ కంప్యూటర్ ఉద్యోగిని. గదిలో పొయ్యి పెట్టనివ్వరు, నీళ్ళు కాచుకునే కెటిల్ ఒక్కటే ఉంది. హాస్టల్ పప్పులో పప్పు వెతుక్కోవాలి. రాత్రి పదింటికి ఫోనులో బిర్యానీ తెప్పించుకుంటాను, తింటూ సిరీస్ చూస్తాను, ఎప్పుడు అయిపోయిందో తెలియదు. పొద్దున్న అపరాధభావంతో చియా గింజలు నానబెడతాను. మొన్న లెక్క చూసుకుంటే జీతంలో పెద్ద ముక్కే తిండికి పోతోంది.

ఎంవీపీ ఐదో సెక్టారు · ఫిబ్రవరి 13, ఉదయం 6:40

చెల్లీ, చియా గింజలకు పెట్టే డబ్బుతో నువ్వులు, అవిసె గింజలు, వేరుశనగలు మూడూ కొనుక్కోవచ్చు. జామకాయలు కొనుక్కో. నారింజ కన్నా నాలుగింతలు సి విటమిన్ జామలో ఉంటుంది. రోడ్డు పక్క బండి మీద దొరుకుతుందని మనకు దాని మీద చిన్నచూపు. కెటిల్‌లో గుడ్లు ఉడుకుతాయి. అటుకులు కడిగి పెరుగులో కలిపి, వేరుశనగలు, కీరదోస ముక్కలు వేసుకుంటే రాత్రి భోజనం అయిపోతుంది. పెసలు ఉదయం నానబెట్టి వెళితే సాయంత్రం తినవచ్చు.

కూర కావాలంటే కర్రీ పాయింట్‌లో వేపుడు, మసాలా కూర కాకుండా ఆకుకూర పప్పు అడుగు. పైన తేలే నూనె వంచేయి. ఇక ఆ సిరీస్ సంగతి. మా ఇంట్లో భోజనానికి ముందు ఫోనులన్నీ బియ్యం డబ్బా మీద పెడతాం. మొదటి వారం పిల్లలు గొణిగారు. మావారు పిల్లల కన్నా ఎక్కువ గొణిగారు. ఇప్పుడు ఉప్పు తక్కువైందని, ముక్క ఉడకలేదని గొడవ పడుతున్నారు. కనీసం ఏం తింటున్నారో తెలుస్తోంది కదా.

వేదిక నిర్వాహకుడు · ఫిబ్రవరి 20, ఉదయం 9:00

"21 రోజుల్లో షుగరు మాయం" అంటూ పొడి అమ్ముకోవడానికి వచ్చిన మూడు సందేశాలు తొలగించాను. ఎవరూ ఇక్కడ చదివి వేసుకుంటున్న మందులు ఆపకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఆకుకూరలు, పళ్ళు, మార్కెట్లో దొరికే "తక్కువ సోడియం ఉప్పు" మంచి చేయకపోవచ్చు, వాటిలోని పొటాషియం వారికి ప్రమాదం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుల గురించి తెలిసిన మనకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

బీచ్‌రోడ్డు నడక · మార్చి 2, ఉదయం 7:45

ఉదయం వాహనాలు ఆపిన వేళలో బీచ్‌రోడ్డు మీద రోజూ నడుస్తాను. ఒక గమనిక. నడిచే వాళ్ళ కన్నా నడిచాక టిఫిను బండి దగ్గర నిలబడే వాళ్ళు ఎక్కువ. కాకరకాయ రసం ఒక గుక్కలో తాగి, ఆ చేదు పోవడానికి మైసూరు బజ్జీ తింటారు. నేను కూడా. సాయంత్రం మురీ మిక్స్చర్ సంగతి ఇక్కడ ఎత్తను.

పెదవాల్తేరు పెద్దమ్మ · మార్చి 2, ఉదయం 9:10

బజ్జీ కన్నా మరిగిన నూనె ప్రమాదం నాయనా. ఒకే నూనె నల్లబడే దాకా మళ్ళీ మళ్ళీ కాచి వేయిస్తారు. మూకుడులో నూనె రంగు చూసి నిలబడు.

రేవు గాలి · ఏప్రిల్ 6, రాత్రి 8:15

రెండు నెలలుగా ఇక్కడ కూరగాయల మాటే. సముద్రం పక్కన కూర్చుని చేప ఊసే ఎత్తరా? మాది జాలరిపేట, తాత నాటి నుంచి వేటే బతుకు. మీరంతా వంజరం, చందువా తప్ప చేపలు కావనుకుంటారు. అవి దొరికితే మేము అమ్ముకుంటాం, ఇంట్లో మాత్రం కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు తింటాం. గుండెకు మంచిదంటారే ఒమేగా కొవ్వు, అది ఈ చవక చేపల్లోనే దండిగా ఉంటుంది. నెత్తళ్ళు ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. వేయించకండి. చింతపండు పులుసులో, మామిడికాయ దొరికే ఈ రోజుల్లో మామిడికాయతో మట్టిదాకలో పెట్టండి. ఇవాళ పెట్టిన పులుసు రేపటికే రుచి.

ఒక మాట ముందే చెబుతున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. మరపడవలు రేవులోనే ఉంటాయి. ఆ రోజుల్లో "ఇప్పుడే సముద్రం నుంచి వచ్చింది" అని ఎవరైనా పెద్ద వంజరం చూపిస్తే ఎప్పటిదో అడగండి. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బుగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. ఎండుచేపలు ఉంటాయి కానీ ఉప్పు చూసుకోండి. రక్తపోటు ఉన్నవాళ్ళు గంటసేపు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండుకోవాలి.

కైలాసగిరి మెట్లు · ఏప్రిల్ 19, రాత్రి 10:05

సిగ్గు విడిచి రాస్తున్నాను. నాకు ముందు నుంచే షుగరు ఉంది, ఇక్కడ చెప్పలేదు. బరువు తగ్గింది కదా అని ఫిబ్రవరిలో మాత్రలు సగం చేసుకున్నాను, ఎవరినీ అడగలేదు. ఉదయం జావలో బెల్లం కూడా వేసుకునేవాణ్ణి, బెల్లం మంచిదే కదా అని. అనకాపల్లి బెల్లం, ఇంటి పక్కన తయారైనదే. మొన్న పరీక్ష చేయిస్తే తిన్న తరువాత 268. డాక్టరు గారు అరవలేదు, కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారంతే. మాత్రలు మళ్ళీ పూర్తిగా వేసుకుంటున్నాను. పళ్ళెం లెక్క గారూ, మీ బెంగ నిజమైంది.

పళ్ళెం లెక్క · ఏప్రిల్ 19, రాత్రి 10:50

చెప్పినందుకు సంతోషం. బెల్లంలో కాస్త ఇనుము ఉంటుంది, కానీ రక్తానికి అది చక్కెరే. చిరుధాన్యం వదలకండి, జావ వదలండి. కొర్రలు, సామలు గింజగా వండుకుని ఒక కప్పు, దాని చుట్టూ రెండు కప్పుల కూర, ఒక కప్పు పప్పు. కొనేటప్పుడు తెల్లగా మెరిసేవి కాకుండా పొట్టు కొంత మిగిలి, కాస్త మట్టిరంగులో ఉన్నవి చూడండి. పాలిష్ పట్టిన సామలకూ తెల్లబియ్యానికీ మీరు ఆశించినంత తేడా ఉండదు. ఒక పూట అన్నం కూడా తినండి, దాని మీద పగ దేనికి?

సీతమ్మధార నివాసి · మే 24, రాత్రి 9:20

మూడున్నర నెలల తరువాత వచ్చాను. పరగడుపున 101, హెచ్‌బీఏ1సీ 5.9. డాక్టరు గారు ఈసారి రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడారు.

ఏం చేశానో రాస్తాను. ఆదివారం రైతు బజారు నాదీ మా అమ్మాయిదీ. తూకం రాళ్ళు చూడటం, బేరం ఆడటం దానికి నాకన్నా బాగా వచ్చింది. వచ్చాక హాలులో పాత న్యూస్‌పేపర్ పరిచి అందరం కూర్చుని ఆకుకూర ఏరుతాం. అమ్మ కుర్చీలో కూర్చుని ఏది ముదురు, ఏది లేత అని తీర్పు ఇస్తుంది. వారంలో మూడు రోజులు రాత్రి కూర నేనే తరిగి వండుతున్నాను. మొదటి బీరకాయ కూర నీళ్ళలో తేలింది, రెండోది మాడింది. ఇప్పుడు తినగలుగుతున్నారు.

అన్నం మానలేదు. మధ్యాహ్నం క్యారేజీలో పెద్ద గిన్నె కూరకూ చిన్న గిన్నె అన్నానికీ మార్చాను, అంటే గిన్నెలు తారుమారు చేశానంతే. రెండో విడత పెరుగన్నం బదులు ఉత్త పెరుగు. ఇది కష్టమైంది, అబద్ధం చెప్పను, మొదటి పది రోజులు చేతిలో ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. వారానికి రెండుసార్లు అంబలి, మజ్జిగతో. భోజనం తరువాత ఆఫీసు మెట్లు దిగి గేటు దాకా వెళ్ళి రావడం. ఇప్పుడు మరో ఇద్దరు కూడా వస్తున్నారు, కబుర్లు చెప్పుకుంటూ.

నూనె మనిషికి నెలకు అర లీటరు అని పెట్టుకున్నాం. ఐదుగురికి రెండున్నర లీటర్లు. మార్చిలో ఇరవై రెండో తేదీకే అయిపోయింది. ఏప్రిల్‌లో నెల దాటించాం. ఆవకాయ నెలలో ఈ లెక్క ఏమవుతుందో చూడాలి.

మూడో షిఫ్టు · మే 25, ఉదయం 7:00

శుభాకాంక్షలు. నేను పూరీ మానేశాను. తెర కూడా వేశాను. పక్కింటి వాళ్ళు మిక్సీ మార్చారు, కొత్తది ఇంకా ఎక్కువ చప్పుడు చేస్తోంది.

సీతమ్మధార ఇంటి నుంచి · మే 26, మధ్యాహ్నం 2:30

నమస్కారం. పైన రాసిన ఆయన భార్యను. సెలవులు కదా, ఈ చర్చ మొదటి నుంచి చదివాను. కొన్ని సవరణలు ఉన్నాయి.

వారంలో మూడు రోజులు వండటం లేదు, రెండు రోజులు. మూడో రోజు "ఆఫీసులో ఆలస్యమైంది" అనే రోజు. తరిగిన తరువాత పీట, కత్తి, తొక్కలు అక్కడే ఉంటాయి, అవి ఎవరు తీస్తారో రాయలేదు. మాడింది బీరకాయ ఒక్కటే కాదు, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె కూడా.

అయినా ఒకటి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి నేను ఆదివారం ఏడింటి దాకా నిద్రపోతున్నాను. మేలుకున్నాక వంటింట్లోకి వెళ్ళకుండా డాబా మీద టీ తాగుతాను, అరగంట. ఆ అరగంటలో ఏమీ చేయను, ఫోను కూడా చూడను. ఎంవీపీ సెక్టారు అక్కా, మీరు ఆ ప్రశ్న అడిగిన రోజు రాత్రి ఆయన వచ్చి "నువ్వు ఎన్నింటికి లేస్తావు?" అని అడిగారు. పెళ్ళయ్యాక ఎప్పుడూ అడగని ప్రశ్న. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి తెలియకపోవడం ఏమిటని. తరువాత తగ్గిందిలెండి.

మా అత్తగారికి కూడా ఒక ఫిర్యాదు ఉంది. ఆయన తోటకూర ఆకు తీసుకుని కాడలు పారేస్తున్నారట. ఆవిడ బాధపడుతున్నారు.

ఎంవీపీ ఐదో సెక్టారు · మే 26, సాయంత్రం 6:10

ఆ అరగంట ఎవరికీ ఇవ్వకండి చెల్లీ.

పెదవాల్తేరు పెద్దమ్మ · మే 26, రాత్రి 8:00

కాడలు పారేస్తున్నాడా! మీ అత్తగారి వైపే నేను. పెరుగు తోటకూర కాడ అయితే మరీ పాపం.

నాయనా, రాసుకో. లేత కాడలకు పైన పీచు లాగేసి, వేలెడు ముక్కలు చేసి, పసుపు, ఉప్పు వేసి ఉడికించు. మెత్తబడ్డాక నిమ్మకాయంత చింతపండు పులుసు, చీల్చిన పచ్చిమిరప, ఉల్లిపాయ ముక్కలు వేసి మరిగించు. చెంచా బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. ఆవాలు, మెంతులు, ఎండుమిరప, ఇంగువ పోపు చాలు, చెంచాడు నూనెలో. చివర్లో ఆవ నూరి కలిపితే ముక్కు దాకా ఎక్కుతుంది, కానీ పొయ్యి దించాకే కలపాలి, లేకపోతే చేదెక్కుతుంది. అందరూ చిన్న బెల్లం ముక్క వేస్తారు, నువ్వు వేయకు.

సీతమ్మధార నివాసి · మే 26, రాత్రి 8:25

రాసుకున్నాను పెద్దమ్మా. కాడ ముదిరిందో లేతో తెలుసుకోవడం ఎలా?

పెదవాల్తేరు పెద్దమ్మ · మే 26, రాత్రి 8:31

గోరు దిగాలి. దిగకపోతే మీ అమ్మగారికి చూపించు. గిన్నె కడిగి పెట్టు.